కూర్‌త్రే యుద్ధము

1302వ సంవత్సరము జూలై 11వ తేదీన, నేటి బెల్జియము దేశమందలి కూర్‌త్రే పట్టణపు వెలుపలి బయలున, ఫ్లాండర్సు సీమ పౌరసేనకును ఫ్రాన్సు రాజగు నాలుగవ ఫిలిప్పు పంపిన అశ్వికసేనకును జరిగిన సంగ్రామము. దీనికే బంగారు మడమముండ్ల యుద్ధమని నామాంతరము.

కారణములు: ఫ్లాండర్సు నేలెడి కౌంటు ఫ్రాన్సు రాజునకు సామంతుడు, ఆ సీమకు జీవనాధారమైన ఉన్ని మాత్రము ఇంగ్లండునుండి రావలెను. ఘెంటు, బ్రూజు, ఈప్రు నగరముల నేతగాండ్రు ఆ యున్నితో నేసిన బట్టలు ఐరోపా సంతలయందు విక్రయింపబడుచుండుటచే, ఉభయరాజులకు వైరము పొడమినప్పుడెల్ల ఈ సీమ అడకత్తెరలో పోకయగుచుండెను. 1297లో కౌంటు గై ఇంగ్లండు రాజగు మొదటి ఎడ్వర్డుతో పొత్తు కుదుర్చుకొనగా, ఫిలిప్పు దండెత్తి, 1300 నాటికి సీమను స్వాధీనపఱచుకొని, గైని చెరబట్టి, జాక్ ద షాతియోను పాలకునిగా నియమించెను. ధనికవర్తకులలో పలువురు రాజపక్షము వహింప, పన్నుల భారము దుర్భరమైన వృత్తిసంఘములవారు కౌంటు పక్షము చేరిరి. పీటర్ ద కోనింక్ అను నేతగాడు వీరికి నాయకుడయ్యెను. 1302 మే 18వ తేదీ వేకువను బ్రూజు పౌరులు తిరుగబడి, ఊర విడిసియున్న ఫ్రెంచివారిని పెక్కుమందిని వధించిరి.

యుద్ధక్రమము: ప్రతీకారమునకై రాజు తన బంధువగు ఆర్త్వా ప్రభువు రాబర్టును రెండువేలకు మించిన రౌతులతోను, కాల్బలముతోను పంపెను. ఎనిమిది పదివేల ఫ్లాండర్సు పదాతులకు కౌంటు కుమారుడు నామూరు గై, మనుమడు యూలిహ్ విలియము సేనానులు. వాగులును గుంటలును ముందుండి, లీ నది వెనుక నుండునట్లు, పాఱిపోవుటకు వలనుపడని చోటునే వారు నిలిచిరి. కొందఱు పొడవైన బల్లెములను, కొందఱు గోడెండాగ్ అను ఇనుపమొన దిగగొట్టిన లావుపాటి దుడ్డుకఱ్ఱలను ధరించిరి. జయము స్థిరపడువఱకు కొల్లగొట్టరాదనియు, ఎవ్వరిని బందీగా పట్టరాదనియు ఆజ్ఞ యుండెను. మొదట ఫ్రెంచి విలుకాండ్రు వారిని కొంత వెనుకకు నెట్టినను, రాబర్టు కాల్బలమును మరలించి రౌతుల నుసికొల్పెను. వాగులు దాటుటలో గుఱ్ఱముల వడి తగ్గెను. దాటివచ్చినవి నేలకానించిన బల్లెపుగోడను ఛేదింపజాలక కూలెను. రాబర్టు, షాతియో, రాజమంత్రి పియేర్ ఫ్లోత్ మొదలుగా సుమారు వేయిమంది కులీనులు హతులైరి. మృతవీరుల మడమలనుండి ఊడదీసిన బంగారు ముండ్లను విజేతలు కూర్‌త్రే మేరీమాత దేవాలయమున వ్రేలాడదీసిరి. 1382లో ఫ్రెంచిసేన వానిని తిరిగి కొనిపోయెను.

ఫలితములు: 1304 ఆగస్టు 18న మోన్స్-ఆన్-పెవేల్ వద్ద ఫిలిప్పు తానే సేన నడిపి ఫ్లాండర్సువారిని వెనుకకు మరలించెను, విలియము మరణించెను. 1305 నాటి అతీస్ సంధి సీమపై పెద్ద అపరాధధనమును మోపెను. లీల్, దువే పట్టణములు ఫ్రాన్సు వశమయ్యెను. కౌంటు గై చెరలోనే కన్నుమూసెను.

నేల నెఱిగి బారుదీరి నిలిచిన పదాతులు కవచధారులైన రౌతులను గెలువగలరని ఈ యుద్ధము నిరూపించెను. 1314లో స్కాట్లండు బానక్‌బర్న్ వద్దను, 1315లో స్విస్సు మోర్గార్టెన్ వద్దను అశ్వికబలము ఇట్లే భంగపడెను. ఐనను, ఒక్కనాటి జయము ధనబలసైన్యబలములు గల రాజునుండి సీమను పూర్తిగా కాపాడజాలకపోయెను. జూలై 11 నేటికిని బెల్జియములోని ఫ్లెమిష్ జనులకు పండుగదినము.