సెకండ్ హ్యాండ్ స్పీడ్ కారు: కొనుడు ఒక లెక్క, నడుపుడు ఇంకో లెక్క

గల్ఫ్‌లో పదేళ్లు కష్టపడి వచ్చిన అన్న, కొత్తగా ఉద్యోగంలో చేరిన తమ్ముడు, షాదీకి ముందు ఇంట్లో మంచి బండి ఉండాలనుకునే కుటుంబం. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, ఆదిలాబాద్ వైపు ఇలాంటి ఇళ్లలో ఈమధ్య ఎక్కువగా వినిపిస్తున్న మాట సెకండ్ హ్యాండ్ టర్బో కారు. కొత్తప్పుడు చేతికందని బీఎండబ్ల్యూ, ఆడి, స్కోడా ఆక్టేవియా లాంటి బండ్లు ఏడెనిమిదేళ్లు తిరిగాక మామూలు కొత్త కారు ధరకే దొరుకుతున్నాయి. అసలు చిక్కు ఇక్కడే ఉంది. పాతబడ్డ కొద్దీ తగ్గేది కారు రేటే, స్పేర్ పార్టుల రేటు కాదు. పది లక్షలకు కొన్నా సరే, రిపేరు బిల్లు మాత్రం ముప్పై లక్షల కారు బిల్లే వస్తుంది.

ఏ బండిని స్పీడ్ కారు అంటారు?

ఇంజిన్ సైజుకు మించి పవర్ ఇచ్చే బండ్లను పర్ఫార్మెన్స్ కార్లు అంటారు. 2013లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐలో ఉన్నది 1.2 లీటర్ల చిన్న ఇంజినే అయినా 105 పీఎస్ పవర్ ఇచ్చింది. 2015లో వచ్చిన ఫియాట్ అబార్త్ పుంటోది 145 పీఎస్. 2017లో వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్‌ది 230 పీఎస్. సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో కుర్రాళ్లు ఎక్కువగా అడిగేవి ఇలాంటివే.

కంపెనీ ఇంకా ఇక్కడ ఉందా లేదా అన్నది ముందుగా తెలుసుకోవాలి. ఫియాట్ కార్ల అమ్మకం మన దేశంలో 2019లో ఆగిపోయింది. ఫోర్డ్ 2021 సెప్టెంబర్‌లో ఇక్కడి తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. ఇలాంటి కార్లు చవగ్గా దొరకొచ్చు గానీ, బంపర్ పగిలినా, సెన్సార్ పోయినా పార్టు కోసం రోజుల తరబడి ఎదురుచూడాల్సి రావచ్చు.

దూరం కూడా ఖర్చే

పెద్ద కంపెనీల లగ్జరీ కార్ల సర్వీస్ సెంటర్లు హైదరాబాద్ లాంటి పెద్ద నగరాల్లోనే ఉంటాయి. కరీంనగర్ నుంచి హైదరాబాద్‌కు 160 కిలోమీటర్లకు పైనే, ఆదిలాబాద్ నుంచి 44వ జాతీయ రహదారి మీద దాదాపు 300 కిలోమీటర్లు. ఆదిలాబాద్ వాళ్లకు నాగ్‌పూర్ దానికంటే దగ్గర. డాష్‌బోర్డ్ మీద ఎర్ర లైటు వెలిగి బండి ఆగిపోతే క్రేన్ ఖర్చు, రానుపోను తిప్పలు, మెకానిక్ బిల్లు అన్నీ కలిపి లెక్కేసుకోవాలి. కొనక ముందే ఆ మోడల్ తెలిసిన మెకానిక్, స్కానర్ ఉన్న షెడ్డు మన ఊళ్లో ఉన్నాయో లేదో కనుక్కోవడం మంచిది.

ఎండ సంగతీ మరిచిపోవద్దు. ఉత్తర తెలంగాణలో మే నెలలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. టర్బో ఇంజిన్‌కు వేడి ఎక్కువ. కూలెంట్ కారుతున్నా, రేడియేటర్ ఫ్యాన్ బలహీనంగా ఉన్నా చలికాలంలో కొన్నవాళ్లకు తెలియదు, ఎండాకాలంలో బయటపడుతుంది.

చూసేటప్పుడు ఏం చూడాలి?

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. అమ్మేవాళ్లు ముందే వేడి చేసి ఉంచితే అనుమానించాల్సిందే. స్టార్ట్ కాగానే గొలుసు కొట్టుకున్నట్టు చప్పుడొస్తే టైమింగ్ చైన్ చూపించాలి. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని అర్థం. తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే కూలెంట్ లోపలికి పోతుండొచ్చు.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను ట్రాఫిక్‌లో నెమ్మదిగా నడిపి చూడాలి. పోలో జీటీ టీఎస్‌ఐ లాంటి బండ్లలో ఉండే ఏడు గేర్ల డీఎస్‌జీలో రెండు డ్రై క్లచ్‌లు ఉంటాయి. మొదటి, రెండో గేర్ల మధ్య బండి వణికినా, కుదుపు వచ్చినా క్లచ్ గానీ, మెకట్రానిక్ యూనిట్ గానీ అరిగినట్టు. ఆ ఒక్క రిపేరుకే లక్ష దాటడం మామూలే.

టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. కిలోమీటర్లు 25 వేలే తిరిగిందని చెప్పి, టైర్లు ఇప్పటికే రెండోసారి మార్చి ఉంటే మీటర్ వెనక్కి తిప్పి ఉండొచ్చు. ఛాసిస్ నంబర్‌తో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో హిస్టరీ అడిగితే ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లకు సర్వీస్ అయిందో తేలిపోతుంది.

వరదలో మునిగిన బండిని కనిపెట్టడం మన వైపు మరీ ముఖ్యం. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో, 2022 జులైలో గోదావరి వరదల్లో మంచిర్యాల, మంథని వైపు, 2024 సెప్టెంబర్‌లో విజయవాడలో నీళ్లు వీధుల్లోకి వచ్చాయి. అలా మునిగిన బండ్లు కడిగించుకుని మళ్లీ మార్కెట్‌లోకి రావచ్చు. సీట్ బెల్టును చివరిదాకా బయటకు లాగి బురద మరక ఉందేమో చూడాలి. సీటు కింది పట్టాలకు, స్టెప్నీ గుంతకు తుప్పు పట్టిందేమో, ఏసీ వేయగానే ముక్క వాసన వస్తుందేమో గమనించాలి.

కాగితాలే అసలు తాళం

కారు చేతులు మారిన తర్వాత ఆర్సీలో పేరు మారడం మోటారు వాహనాల చట్టం ప్రకారం తప్పనిసరి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, వేరే రాష్ట్రంలో అయితే 45 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలి. కొన్నవాళ్లకు 30 రోజుల గడువు. దీనికి ఫారం 29, ఫారం 30 కావాలి. బండి మీద లోన్ ఉంటే ఫారం 35తో పాటు బ్యాంకు ఎన్‌ఓసీ, వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28 ఎన్‌ఓసీ ఉండాలి.

‘తర్వాత చేయించుకుందాంలే, మనోళ్లే కదా’ అనుకోవడం ఇద్దరికీ ప్రమాదమే. ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే యజమాని అని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తేల్చి చెప్పింది. ఆ కేసులో కారు పలువురి చేతులు మారినా ఆర్సీలో పేరు మాత్రం మారలేదు.

ఢిల్లీ బండి చవక అని మొగ్గు చూపేవాళ్లు ఇంకో లెక్క చూసుకోవాలి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఆంక్షలు రావడంతో అవి చవగ్గా బయటి రాష్ట్రాలకు పోతున్నాయి. ఇక్కడికి తెచ్చాక తెలంగాణ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, కొత్త నంబర్ తీసుకోవాలి. ఆ మొత్తం ఎంతో ఆర్టీఏలో కనుక్కున్న తర్వాతే బేరం ఆడాలి. మహారాష్ట్ర బండి కొనే ఆదిలాబాద్ వాళ్లకూ ఇదే మాట.

డీలర్ దగ్గర కొంటే, ఆర్టీఏ ఇచ్చిన డీలర్ అనుమతి పత్రం అడగాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్లు అమ్మే డీలర్లకు ఇది కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేరింది.

డబ్బు ఎలా ఇవ్వాలి?

వడ్డీ లోన్ వద్దనుకుని, దాచుకున్న డబ్బుతోనే కొనే కుటుంబాలు మనలో చాలా. మంచిదే, కానీ మొత్తం నగదుగా ఇవ్వొద్దు. ఒక లావాదేవీలో రెండు లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. తీసుకున్నవాళ్లకు అంతే మొత్తం జరిమానా పడొచ్చు. బ్యాంకు ద్వారా ఇస్తే కొన్నవాళ్లకూ రుజువు మిగులుతుంది. బయానా ఇచ్చినా రసీదులో ఛాసిస్ నంబర్, మొత్తం ధర, ఆర్సీ ట్రాన్స్‌ఫర్ బాధ్యత ఎవరిదో రాయించుకోవాలి.

గల్ఫ్‌లో వాడిన కారునే ఇంటికి తెచ్చుకుందామని కొందరు అడుగుతుంటారు. పాత కారు దిగుమతికి స్టీరింగ్ కుడివైపు ఉండాలి, తయారై మూడేళ్లు దాటకూడదు. గల్ఫ్ బండ్ల స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది కాబట్టి ఆ ఆలోచన అక్కడే ఆగిపోతుంది.

ఎక్స్‌టెండెడ్ వారంటీ: ఏం ఇస్తుంది, ఏం ఇవ్వదు

కంపెనీ మొదట ఇచ్చే వారంటీ అయిపోయాక, డబ్బు కట్టి ఇంకొన్నాళ్లు పొడిగించుకునేదే ఎక్స్‌టెండెడ్ వారంటీ. ఇది ఇన్సూరెన్స్ కాదు. ఇన్సూరెన్స్ గుద్దుకున్నా, దొంగతనం జరిగినా పనికొస్తుంది. వారంటీ లోపల పార్టు దానంతట అది పాడైతే పనికొస్తుంది. రెండూ వేర్వేరు.

సాధారణంగా ఇంజిన్, గేర్‌బాక్స్, టర్బో, ఈసీయూ లాంటివి ఇందులోకి వస్తాయి. క్లచ్ ప్లేటు, బ్రేక్ ప్యాడ్లు, టైర్లు, బ్యాటరీ, వైపర్లు లాంటి అరిగే వస్తువులు రావు. కల్తీ ఇంధనం, నీళ్లలో మునగడం వల్ల వచ్చే నష్టమూ రాదు.

కాగితంలో వెతకాల్సినవి ఇవి. ఇచ్చేది కార్ల కంపెనీయా, డీలరా, మధ్యలోని వేరే సంస్థా? మొదటి యజమాని తీసుకున్న వారంటీ రెండో యజమాని పేరు మీదికి మారుతుందా, దానికి ఫీజు, గడువు ఎంత? ఒక క్లెయిమ్‌కు, మొత్తానికి కలిపి పరిమితి ఎంత? రిపేరు ఎక్కడ చేయించాలి? హైదరాబాద్‌కు తీసుకుపోయే క్రేన్ ఖర్చు వాళ్లదా, మనదా? సర్వీస్ ఒక్కసారి ఆలస్యమైనా, బయటి షెడ్డులో చేయించినా వారంటీ పోతుందా?

పవర్ పెంచడానికి ఈసీయూ రిమ్యాప్ చేయించిన బండికి వారంటీ దొరకడం కష్టం. పాత యజమాని రిమ్యాప్ చేయించి, అమ్మేముందు మళ్లీ మామూలు సెట్టింగ్ పెట్టినా కంపెనీ స్కానర్‌లో జాడ దొరకొచ్చు. దాని ఫలితం కొత్త యజమాని మీద పడుతుంది.

వారంటీ తీసుకోవాలా వద్దా అన్నది లెక్క ప్రకారమే తేల్చాలి. డీఎస్‌జీ లాంటి ఖరీదైన గేర్‌బాక్స్ ఉండి, కంపెనీయే ఇచ్చే వారంటీ అయితే చాలాసార్లు తీసుకోవడమే మేలు. ప్రతి క్లెయిమ్‌కు చిన్న పరిమితి పెట్టిన, పేరు తెలియని సంస్థ కాగితం అయితే ఆ డబ్బు రిపేరు కోసం పక్కన పెట్టుకోవడం నయం.

ఇన్సూరెన్స్, నెల ఖర్చు

బండి కొన్న 14 రోజుల్లో ఇన్సూరెన్స్ పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. థర్డ్ పార్టీ రక్షణ బండితో పాటే వస్తుంది. కానీ సొంత బండికి జరిగిన నష్టం రావాలంటే పాలసీ కొత్త యజమాని పేరు మీద ఉండాల్సిందే. నో క్లెయిమ్ బోనస్ మాత్రం అమ్మినవాళ్లదే, బండితో రాదు.

నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే ఇంటికి లీటర్‌కు 18 ఇచ్చే బండి అయితే 56 లీటర్లు చాలు. లీటర్‌కు 10 ఇచ్చే టర్బో బండికి 100 లీటర్లు కావాలి. లీటర్ 110 రూపాయలు అనుకుంటే మొదటిది 6,160 రూపాయలు, రెండోది 11,000. దీనికి ఏడాదికోసారి సర్వీస్, మూడు నాలుగేళ్లకు టైర్లు, బ్రేకులు కలపాలి. కారు ధరలో పదో వంతైనా మొదటి ఏడాది రిపేర్ల కోసం విడిగా ఉంచుకోలేకపోతే, ఆ బండి ఆ ఇంటి స్థోమతకు మించినదే.

తాళం ఎవరి చేతికి?

పద్దెనిమిది నిండని పిల్లాడు బండి నడిపి నేరం చేస్తే, 2019 సవరణ ప్రకారం తండ్రి లేదా యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా ఉంది. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. రోడ్డు మీద రేసు పెట్టడం కూడా చట్ట ప్రకారం నేరమే. కొత్తగా లైసెన్స్ వచ్చిన కుర్రాడికి 200 పీఎస్ బండి తాళం ఇవ్వాలా అన్నది ఇంట్లో పెద్దలు కొనక ముందే తేల్చుకోవాల్సిన మాట.

మోసపోతే ఎక్కడికి పోవాలి?

డీలర్ లోపం దాచి అమ్మినా, వారంటీ ఇచ్చిన సంస్థ మాట తప్పినా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపుంటే జిల్లా కమిషన్ చాలు. 5 లక్షల వరకు ఫీజు లేదు. రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలి. అంతకు ముందు 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయొచ్చు. వ్యాపారి కాని మామూలు మనిషి దగ్గర కొంటే ఈ దారి ఉండదు, పోలీసు ఫిర్యాదో, సివిల్ కోర్టో దిక్కు. అందుకే తెలిసినవాళ్ల దగ్గర కొన్నా సరే రసీదు, సర్వీస్ బుక్, వారంటీ కాగితం, డబ్బు పంపిన బ్యాంకు స్టేట్‌మెంట్ ఒకే ఫైల్‌లో భద్రంగా ఉంచుకోవాలి.