ఇంటి నెట్‌వర్కు: గాలి, తీగల పాత తగవు

జీవన్ ప్రమాణ్ 2014లో వచ్చింది. ఫోనులో ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే వీలు 2021లో కలిగింది. అప్పటి నుంచి పెన్షనరుకు ఇంటర్నెట్ కాలక్షేపం వస్తువు కాదు. అయితే రౌటరు వీధి గదిలో ఉంటుంది, పెద్దవాళ్లు పడుకునేది పెరటి గదిలో. నవంబరు రాగానే సిగ్నల్ కోసం ఫోను పట్టుకుని ఇల్లంతా తిరిగే మిత్రులను చూస్తున్నాను. దుకాణంలో అడిగితే ‘మెష్ పెట్టించండి’ అంటారు. డబ్బు చెల్లించే ముందు ఈ సరంజామా ఎలా పుట్టిందో సభ్యులు తెలుసుకోవడం మంచిది.

హవాయి విశ్వవిద్యాలయం శాఖలు వేర్వేరు దీవుల్లో ఉండేవి. వాటిని కంప్యూటరుతో కలపడానికి నార్మన్ అబ్రామ్సన్ బృందం 1971లో రేడియోను వాడింది. దానికి అలోహా అని పేరు. అందరిదీ ఒకే తరంగం కాబట్టి ఇద్దరు ఒకేసారి పంపితే రెండు సందేశాలూ చెడిపోయేవి. జవాబు రాకపోతే ఎవరికి వారు కొంతసేపు ఆగి మళ్లీ పంపాలి. లెక్క కడితే తరంగం సామర్థ్యంలో 18 శాతానికి మించి పనికిరాదని తేలింది.

ఆ పద్ధతిని చదివిన రాబర్ట్ మెట్‌కాఫ్, అమెరికాలోని జిరాక్స్ పరిశోధనశాలలో 1973లో అదే పనిని తీగ మీదికి తెచ్చాడు. మాట్లాడే ముందు తీగ ఖాళీగా ఉందో లేదో వినాలి, మాటలు ఢీకొంటే వెంటనే ఆపాలి. ఇదే ఈథర్‌నెట్. విశ్వమంతా నిండి ఉందని ఒకప్పుడు శాస్త్రజ్ఞులు నమ్మిన ‘ఈథర్’ అనే పదార్థం పేరే దీనికి పెట్టారు.

అయినా తీగ ఒక్కటే, వాడేవారు పదిమంది. ఒకరి పేర వచ్చిన కాగితాన్ని హాలంతా వినపడేలా చదివినట్టుండేది. కవరు మీద పేరు చూసి ఆ సీటుకే చేర్చే తపాలు గుమాస్తా కావలసి వచ్చాడు. ఆ గుమాస్తాయే స్విచ్. తొలి ఈథర్‌నెట్ స్విచ్‌ను 1990లో అమెరికాలో అమ్మకానికి తెచ్చిన కంపెనీ పేరు ‘కల్పన’. స్థాపకులలో ఒకరైన వినోద్ భరద్వాజ్ తన భార్య పేరు పెట్టుకున్నాడు. 1994లో సిస్కో దానిని కొనేసింది. మన ఆడపడుచు పేరు మీద ఇంత పెద్ద మార్పు వచ్చిన సంగతి మనవాళ్లలో ఎందరికి తెలుసు?

తర్వాత మాట మళ్లీ గాలిలోకి వెళ్లింది. వైఫై మొదటి ప్రమాణం 1997లో వచ్చింది. వేగం సెకనుకు 2 మెగాబిట్లు. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు లైసెన్సు అక్కరలేదని కేంద్రం 2005లో ప్రకటించింది. తీగ పీడ వదిలింది గాని అలోహా నాటి తగవు తిరిగి వచ్చింది. ఇంట్లో ఫోన్లు, టీవీ, పక్కింటివారి రౌటరు అన్నీ అదే గాలిని పంచుకోవాలి. పైగా ఇనుప ఊచల శ్లాబు అడ్డం.

మెష్ అంటే రౌటర్లు ఒకదానికొకటి మాట అందించుకోవడం. ఒకే రేడియోతో వినడం, అందించడం రెండూ చేయాలి గనుక, ఒక్కొక్క మజిలీలో వేగం దాదాపు సగం పోతుంది. అందించడానికి వేరే రేడియో ఉన్న సెట్లలో నష్టం తక్కువ, ధర ఎక్కువ. నా మాట అడిగితే, రెండు మెష్ పెట్టెల మధ్య క్యాట్-6 తీగ వేయించండి. తీగ మీద పోయే మాటకు గాలిలో పోటీ ఉండదు. మూడో పెట్టె కొనడం కంటే ఇది లాభం. ఇల్లు కట్టిస్తున్నవారైతే, కరెంటు తీగలతో కలపకుండా, దీనికొక గొట్టం గోడలోనే వదిలించండి. 100 మీటర్ల వరకు ఈ తీగ నిక్షేపంగా పనిచేస్తుంది.

కదలని టీవీని, కంప్యూటరును చిన్న స్విచ్‌కు తగిలిస్తే ఫోన్లకు గాలి మిగులుతుంది. ఒకటే జాగ్రత్త. ఒకే తీగ రెండు కొసలూ ఒకే స్విచ్‌లో గుచ్చితే, మన ఆఫీసుల్లో సెక్షన్ల మధ్య తిరిగే ఫైలులాగా సందేశం అంతులేకుండా తిరుగుతూ మొత్తం నెట్‌వర్కు ఆగిపోతుంది. దీనికి రేడియా పెర్ల్‌మన్ అనే ఆవిడ 1985లోనే విరుగుడు కనిపెట్టింది గాని, ఇళ్లలో వాడే చవక స్విచ్‌లలో చాలావాటికి అది ఉండదు.

కరెంటు పోతే పెట్టెలన్నీ ఆగుతాయి. వీధి గదిలోని రౌటరుకే కాదు, స్విచ్‌కూ పెరటి గది పెట్టెకూ కూడా ఇన్వర్టరు లైను ఇప్పించండి.