చందూర్‌లో ‘చంద’ ఎవరు?

నిజామాబాద్ జిల్లాలోని చందూర్ పేరు వినగానే చెవికి చంద్రుడు తడతాడు. కానీ చెవికి తట్టిందల్లా ఆధారం కాదు. స్కాట్లండ్‌లో ఎడిన్‌బరా నగరంలో కౌగేట్ అనే వీధి ఉంది. అక్కడి ‘గేట్’కు ద్వారంతో సంబంధం లేదు, పాత మాటలో దానికి అర్థం వీధి. ఆవులను తోలుకెళ్లిన దారి అది.

మన చందూర్ పేరును విడదీస్తే, చివరి ‘ఊర్’ దగ్గర పేచీ లేదు. రుద్రూర్‌లో, ఇందూర్‌లో ఉన్నది అదే. చిక్కంతా ‘చంద’ దగ్గరే. ఇంగ్లీషులో రాస్తే నల్లగొండ జిల్లా పట్టణం, నిజామాబాద్ జిల్లా మండల కేంద్రం ఒకే పేరుగా కనిపిస్తాయి. తెలుగులో మాత్రం అది చండూరు, ఇది చందూర్. మహారాష్ట్ర అమరావతి జిల్లాలోని చాందూర్ బజార్‌లో దీర్ఘం కూడా ఉంది. మ్యాపుల్లోని ఇంగ్లీషు అక్షరాలు చూసి మూడింటికీ ఒకే పుట్టుక కట్టబెట్టడం తొందరపాటు. ‘చంద’ చంద్రుడూ కావచ్చు, ఆ పేరున్న మనిషీ కావచ్చు. తేల్చాల్సింది శాసనమే.

ఇందూరు సంగతి కాస్త మెరుగు. రైలు మార్గం వచ్చిన రోజుల్లో స్టేషన్ నిజామాబాద్ అయింది, 1905లో జిల్లాకూ అదే పేరు స్థిరపడింది. ఇది కాగితం మీద ఉన్న చరిత్ర. ఇందూరు అంతకు పూర్వపు పేరు. రాష్ట్రకూట ఇంద్రుడి వల్ల వచ్చిందని స్థానిక చరిత్రకారులు చెబుతారు. బోధన్‌లో ఇంద్రనారాయణ ఆలయాన్ని పేర్కొన్న శాసనం ఆ వాదానికి బలమిస్తుంది కానీ రుజువు చేయదు, ఎందుకంటే అది బోధన్ మాట, ఇందూరు మాట కాదు. ‘ఇంద్రపురి’ అన్న రూపం నా దృష్టిలో తర్వాత తొడిగిన సంస్కృతపు నగ.

బోధన్ అసలు రూపం పోదన. వేములవాడ చాళుక్యుల పర్భణీ తామ్రశాసనం (966) యుద్ధమల్లుడి ఏనుగులు పోదనలో నూనె బావుల్లో స్నానమాడాయని గొప్పగా చెబుతుంది. బోధనే మహాభారతంలోని ఏకచక్రపురమన్న బకాసురుడి కథ జనం నోట బతికింది. కథకు దాని విలువ దానికుంది, కానీ పేరు మూలానికి తామ్రశాసనమే దగ్గరి సాక్షి. అశ్మక జనపద రాజధాని పోతన ఇదేనని చాలామంది పండితుల అభిప్రాయం.

నిజామాబాద్‌లో కోటగల్లి ముందు ఆగితే రెండు భాషలు ఒకే మాటలో దొరుకుతాయి: తెలుగు కోట, ఉర్దూ గల్లీ. కంఠేశ్వర్ పేటకు నీలకంఠేశ్వరుడి గుడే గుర్తు. బోధన్‌లో ‘దేవల్ మసీదు’ పేరు ఇంకా సూటిగా మాట్లాడుతుంది. దేవళం, మసీదు రెంటినీ జనం విడదీయకుండానే పలికారు.

అన్నిటికంటే కొత్త పేర్లే అన్నిటికంటే స్పష్టం. 1931లో నిజాంసాగర్ జలాశయం పూర్తయ్యాక కోస్తా నుంచి వచ్చిన రైతులు వేసుకున్న గుడిసెలు ‘క్యాంపు’లయ్యాయి. గుడిసెలు పోయి మేడలు లేచినా వర్ని, బోధన్ చుట్టుపక్కల ఊళ్ల పేర్లలో క్యాంపు పోలేదు. 1937లో బోధన్‌లో నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ స్థాపించినప్పుడు కార్మికుల నివాసాలతో శక్కర్‌నగర్ వెలిసింది. ఉర్దూలో శక్కర్ అంటే చక్కెరే. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు బండ్లు ఆగిపోయాయి, ఊరి పేరు మాత్రం శక్కర్‌నగరే.