ఉప్పు చూసిన ఆదివారం

ఆ నెగడు కాస్త ఎగదొయ్యమ్మాయ్. చంటిది పడుకుందిగా, ఇలా దగ్గరికి జరుగు. పూజలో బిడ్డ ఏడుస్తుంటే మాటిమాటికీ బయటికెళ్లాల్సొచ్చిందని, ప్రసంగం ఒక్క ముక్క వినలేదని పొద్దుట్నించీ మొహం మాడ్చుకునున్నావు. పైగా "మీ కాలం తల్లులు ఎంత భక్తిగా ఉండేవాళ్లో" అంటివి. అక్కడే నాకు నవ్వాగలా.

మాది ఫిరంగిపురం పక్క పల్లె. పునీత శౌరివారి పేరు మీద ఇంటికో బాలశౌరి, వీధికో శౌరమ్మ. బావి దగ్గర "శౌరమ్మా!" అని కేకేస్తే ముగ్గురు పలికేవాళ్లు. అందుకని మా అమ్మని చింతచెట్టు శౌరమ్మ అనేవాళ్లు.

ఆ రోజుల్లో సత్ప్రసాదం తీసుకోవాలంటే అర్ధరాత్రి నించి నోట్లో ఏమీ పడకూడదు. మంచినీళ్లు కూడా. ఆదివారం కూరొండి గుడికెళ్లాలి, లేకపోతే తిరిగొచ్చేసరికి పిల్లలు పీక్కుతింటారు. కూర ఉడుకుతుంటే అరచేతిలో చుక్కేసుకుని ఉప్పు చూడటం మా అమ్మ చేతికి అలవాటైపోయింది. నాలిక మీద పడ్డాకగానీ గుర్తొచ్చేది కాదు. ఇంకేముంది, ఆ వారం సత్ప్రసాదం లేదు. అందరూ లేచి పీఠం ముందు మోకరిస్తే ఈమె ఒక్కతే చాప మీద కూర్చునుండేది. ఏం చావైన పాపం చేసిందోనని వెనక గుసగుసలు. మా నాయనమ్మ సాయంత్రం దాకా గుచ్చి గుచ్చి అడిగేది. అయినా ఉప్పు చూశానని అమ్మ నోరు విప్పేది కాదు. చెబితే, "చూసి కూడా ఇంత ఉప్పేశావా?" అంటుందని భయం.

1953లో నీళ్లు తాగొచ్చన్నారు. 1957లో పన్నెండో పయస్ పాపుగారు ఉపవాసాన్ని మూడు గంటలకి తగ్గించారు. ఊరంతా సంతోషించింది, మా అమ్మ తప్ప. ఇంట్లో గడియారం లేదు మరి. మూడు గంటలు ఎప్పుడు మొదలైనట్టు? కోడి కూయకముందే లేచి, చీకట్లో కూరొండి, ఉప్పు చూసేసి మూత పెట్టేది. ఓ పండక్కి ఆ కూసే కోడే కూరైపోయింది. మరుసటి వారం లేపే దిక్కు లేక ఇంటిల్లిపాదీ పూజకి ఆలస్యం.

సాయంత్రం జపమాల సరే సరి. మంగళవార్త జపం చెప్పించేవాళ్లు సగం, మిగతావాళ్లు సగం కదా. మేం మా సగం చెప్పేలోపు అమ్మ ఇంటి పనంతా నడిపేది. "గేదెకి కుడితి పెట్టారా?", "ఒరే, దాని జడ వదులు", అంటూనే మళ్లీ తన సగం అందుకునేది. పాలు పొంగుతుంటే మాత్రం ఆ దశకం ఏడు పూసలతో సరి. నాయనమ్మ గుర్రుగా చూస్తే, "మరియమ్మ తల్లీ పిల్లాణ్ణి పెంచింది, ఆమెకి తెలీదా?" అనేది.

ఓ శనివారం మా చిన్న తమ్ముణ్ణి చంకనేసుకుని పాపసంకీర్తనానికెళ్లింది. స్వాములోరు విన్నది ఎవరికీ చెప్పకూడదు, అది కట్టడి. వీడికే కట్టడీ లేదాయె. ఇంటికొచ్చి నాయనమ్మ ఒళ్లో కూర్చుని, "అమ్మ నిన్ను ముసలి గద్ద అందంట" అని అప్పజెప్పాడు. ఆ రాత్రి నాయనమ్మ అన్నం ముట్టలా. మర్నాడు పూజకి ముందు అత్తాకోడళ్లిద్దరూ పాపసంకీర్తనానికి వరసలో నిలబడ్డారు. నాయనమ్మ ఏం చెప్పుకుందో ఇప్పటికీ తెలీదు, ఆమె చంకన ఎవరూ లేరుగా.

ఇహ గుళ్లో భక్తి సంగతి. పూజంతా లాటిన్లో ఉండేది, స్వాములోరు పీఠం వైపు తిరిగి చేసేవారు. ఆయన వెనక ఆడాళ్ల చాపల మీద సంత నడిచేది. పిల్లలంతా మన వైపేగా! ఒకడు పాకిపోతుంటే ఒకత్తి కాలు పట్టి లాగేది, ఒకడికి వేరుశనక్కాయలు ఒలిచి పెట్టేది. 1962 నించి 65 దాకా రోములో మహాసభ జరిగింది చూడు, దాని తర్వాత పూజ తెలుగులోకొచ్చింది, స్వాములోరూ మా వైపు తిరిగారు. మొదటి వారమే, ఒక చేత్తో చంటిదానికి పాలిస్తూ రెండో చేత్తో మా వాడి వీపు మీద చరుస్తున్న అమ్మకి ఆయన కళ్లెదురుపడ్డాయి. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఇంటికొచ్చి, "ఆయన మొహం మనకి కనపడుద్దన్నారుగానీ, మనం ఆయనకి కనపడతామని ఎవరన్నా చెప్పారా?" అని ఒకటే గొణుగుడు.

పై వారం నించి ఊళ్లో తల్లులంతా తెల్లారకముందే గుడికి చాపలు పంపేవాళ్లు, స్తంభాల వెనక చోటు కోసం.