తిమ్మ నామధేయులు

మన కమలాపురము చుట్టుపట్ల గ్రామముల పాత అడంగళ్లు విప్పి చూచినవారికి తిమ్మయ్య, తిమ్మన్న, తిమ్మారెడ్డి, తిమ్మక్క యను పేర్లు పుటపుటకును తగులును. ఒకే యూర నలుగురు తిమ్మయ్యలున్నపుడు లెక్క వ్రాయువాడేమి చేయవలెను? ఇంటిపేరు వ్రాయును, తండ్రిపేరు వ్రాయును, అవియు కలిసినచో పెద్ద తిమ్మయ్య, నడిపి తిమ్మయ్య, చిన్న తిమ్మయ్య యని వయసును బట్టి విడదీయును, అదియు చాలనిచో ఎర్ర తిమ్మయ్య, నల్ల తిమ్మయ్య యని మేనిచాయను సైతము సర్కారు కాగితమున కెక్కించును. ఇది నవ్వులాట గాదు. ఈ గురుతు తప్పినచో ఒకని చేను మరియొకని పేర పడును. ఆ చేను మరల రాబట్టుకొనుటకై రెండు తరములు కోర్టు మెట్లెక్కిన కుటుంబములు ఈ సీమలో లేకపోలేదు. 1800 మొదలు 1807 వరకు దత్తమండలముల కలెక్టరుగా నుండిన తామస్ మన్రో యిచ్చట రైతువారీ పద్ధతిని నెలకొల్పిన పిమ్మట ప్రతి రైతు పేరును వేరువేరుగా లెక్కకెక్కవలసి వచ్చెను. పేరునకు విలువ అప్పుడు హెచ్చెను. పేరువలని చిక్కును అప్పుడే హెచ్చెను.

చరిత్ర గ్రంథములు చదువువారికి ఈ అడంగలు సౌకర్యము లేదు. తండ్రిపేరు గడి లేదు, సర్వే నంబరు లేదు. తిమ్మ యను పేరొకటి కనబడగానే అది మనమెరిగిన తిమ్మరుసే యనుకొని చదివికొనిపోవుదుము. అందువలన ఒకని ఘనత మరియొకనికిని, ఒకని నింద వేరొకనికిని సంక్రమించును. ఆ పేరు గలవారిలో కొందరిని వారి వారి గడులలో నిలిపి చూచుటయే యీ వ్యాసమునకు బూనుకొనిన పని.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. తిమ్మ యనునది తిరుమల శబ్దము జనుల నోట నలిగి యేర్పడిన రూపము. కన్నడదేశమున తిరుపతి వేంకటేశ్వరుని నేటికిని తిమ్మప్ప యని పిలుతురు. దీనికి మన సీమలోనే చక్కని సాక్ష్యము కలదు. రాజంపేట చేరువనున్న తాళ్లపాకలో జన్మించిన అన్నమాచార్యుల (1408–1503) సతి పేరు తిరుమలమ్మ. సుభద్రాకల్యాణమును మంజరీద్విపదలో రచించి, తెలుగున తొలి కవయిత్రియని పలువురిచే నెన్నబడిన తిమ్మక్క యామెయే. ఒక్క వ్యక్తికి రెండు రూపములును నిలిచియుండుట మావంటి లెక్కలవారికి దస్తావేజుతో సమానము. మా పుస్తకములలో నైనచో "తిరుమలమ్మ ఉరఫ్ తిమ్మక్క" యని వ్రాయుదుము.

ఇక శ్రీకృష్ణదేవరాయల (1509–1529) కొలువునకు వత్తము. రాణి తిరుమలదేవి. ఆమె కన్న కుమారుడు తిరుమలరాయడు. మహామంత్రి సాళువ తిమ్మరుసు. ఆస్థానకవి నంది తిమ్మన. ఆ తిమ్మనను గన్నతల్లి తిమ్మాంబ. ఒక్క కొండపేరు ఒక్క కొలువు చుట్టు నిందరికి పంచబడినది. ఆ కొలువుననే యుండి, మన మండలములోని కోకటమును అగ్రహారముగా బడసిన అల్లసాని పెద్దన గారికి మాత్రము ఈ పోటీ లేదనుకొందుమా? ఆయనకును కావ్యాలంకార చూడామణి వ్రాసిన విన్నకోట పెద్దన యొకడు ముందుతరములవాడు గలడు. కాని వారిరువురును కవులే యగుటచే ఆ చిక్కు సాహిత్యములోనే తీరిపోవును. తిమ్మన్నల చిక్కు అట్టిది గాదు. అందు ప్రాణములు పోయినవి.

తిమ్మరుసు వృత్తి యేమని యొక్క మాటలో వ్రాయుట కష్టము. మంత్రి, దండనాథుడు, 1515 జూన్ 23న కొండవీడు గజపతుల చేతినుండి విజయనగరమునకు వచ్చిన పిమ్మట ఆ సీమకు పాలకుడు. ఆయన మేనల్లుండ్రు నాదెండ్ల అప్పన, గోపన లచ్చట అధికారము నెరపిరి. ఇంత పని నడుమను అగస్త్యుని బాలభారతమునకు మనోహర యను సంస్కృత వ్యాఖ్య ఆయన పేర వెలసినది. తెలుగు కథలలో ఆయన అప్పాజీ. 1520 ప్రాంతమున విజయనగరము చూచిన పోర్చుగీసువాడు పేయిస్ ఆయనను తెమెర్సియా యని వ్రాసి, వృద్ధుడనియు, రాజునకు మిక్కిలి ప్రియుడనియు, రాజగృహమంతయు నాయన యాజ్ఞలో నుండుననియు చెప్పెను. సుమారు పదునైదేండ్లకు వ్రాసిన న్యూనిజు అదే మనిషిని సాల్వతినియా యనెను. ఒక పేరున పలువురుండుట ఒక చిక్కు. ఒక మనిషి రెండు పేర్లతో గ్రంథములలో తిరుగుట దానికి తోడు చిక్కు. ఈ రెండు వృత్తాంతములను రాబర్టు స్యూయెల్ 1900లో ఇంగ్లీషున ప్రకటించిన పిదప గాని మనవారికి అవి యందలేదు.

నంది తిమ్మన తిరుమలదేవి వెంట అరణముగా వచ్చిన కవియని ప్రతీతి. పారిజాతాపహరణమును ఆయన రాయల కంకితమిచ్చెను. రాయలకును తిరుమలదేవికిని కలిగిన ప్రణయకలహమును తీర్చుటకే, సత్యభామ యలుకను కృష్ణుడు తీర్చిన కథ నాయన యెన్నుకొనెనని పెద్దలు చెప్పుదురు. నాసికను వర్ణించిన పద్యమువలన ముక్కు తిమ్మనయైనాడని మరియొక ప్రతీతి. ఆ పద్యము నేడు రామరాజభూషణుని వసుచరిత్రలో కనబడుచున్నది! కొన్నాడనియు అమ్మినాడనియు కథలు గలవు, వాని నట్లుండనిండు. నాకు ముచ్చట గొలుపునది ఆ బిరుదు. మేము ఎర్ర తిమ్మయ్య యని వ్రాసినట్లే లోకము ముక్కు తిమ్మన యని వ్రాసికొనినది. మహాకవికైనను గురుతు కావలసినదే.

ఇప్పుడు దుఃఖభాగము. రాయలు తన చిన్న కుమారుడైన తిరుమలరాయనికి 1524లో పట్టము గట్టెను. కొలది నెలలకే యా బాలుడు మరణించెను. విషమిచ్చిరని రాజు నమ్మెను. ముదుసలి మంత్రిని సకుటుంబముగా చెరబెట్టించి, తుదకు కన్నులు తీయించెనని న్యూనిజు వ్రాసెను. ఇదే న్యూనిజు అంతకుముందు మరియొక సంగతి వ్రాసియున్నాడు. రాయలకు ముందేలిన యన్నగారు మరణశయ్యపై నుండి తమ్ముని కన్నులు తీసి తెమ్మనగా, మేకకన్నులు చూపి యాతని కాపాడినవాడు తిమ్మరుసే. ఎవని కన్నులు కాపాడెనో వాని యాజ్ఞచే తన కన్నులు పోయినవి. ఒక తిమ్మన్న ఆ దంపతులకు పొందు గూర్చెనని లోకమనుచున్నది. మరియొక తిమ్మన్న యింటివలన ఆ దంపతుల బిడ్డ పోయెనని పరదేశి వ్రాసియున్నాడు. పోయిన బిడ్డ పేరును అదే.

ఇచ్చట కాగితమును జాగ్రత్తగా చదువవలెను. న్యూనిజు వ్రాసినదాని ప్రకారము విషమిచ్చినవాడు తిమ్మరుసు కాడు, తిమ్మరుసు కుమారుడు. అనగా నేరము కొడుకు గడిలో వ్రాయబడినది. శిక్ష తండ్రి గడిలో గూడ పడినది. లోకమునకు నిలిచినది తండ్రిపేరు గనుక, "తిమ్మరుసు రాజకుమారుని చంపించెను" అని సంగ్రహముగా చెప్పుకొనుట యలవాటైనది. ఈ సంగ్రహమును నేనంగీకరింపను. ఇంకొక ముడి యున్నది. 1491లో సాళువ నరసింహరాయలు గతించిన పిమ్మట ఆయన పెద్దకుమారుడు తిమ్మరాజు రాజ్యమునకు వచ్చి యల్పకాలముననే హత్యకు గురియయ్యెను. ఆ హత్య చేయించినవాడు రాజ్యరక్షకుడైన నరసానాయకునికి పగవాడైన యొక సేనాని. న్యూనిజు వానికి వ్రాసిన పేరు తిమర్సా, అనగా తిమ్మరసు! చచ్చినవాడు తిమ్మడు, చంపించినవాడు తిమ్మరసు. ముప్పది మూడేండ్ల తరువాత మరల చచ్చినవాడు తిరుమలుడు, నింద మోసినవాడు తిమ్మరుసు. పైపైన చదువువాడు ఈ రెండు హత్యలను ఒక్కని నెత్తిన రుద్దుట యెంత సులభము! మొదటివాడు వేరు, అప్పాజీ వేరు. ఒకడు నరసానాయకుని ద్రోహబుద్ధితో దెబ్బతీయజూచినవాడు. వేరొకడు ఆ నరసానాయకుని కుమారుని రాజ్యమునకు తెచ్చి నిలిపినవాడు. పెనుగొండలో అప్పాజీ సమాధియని జనులు నేటికిని ఒక కట్టడమును చూపుదురు.

మన యూరివైపు వచ్చు పెన్న, పాపఘ్నిని కలిసికొనుటకు ముందే, ఎగువను గండికోట కొండల నడుమ దూరి వచ్చును. ఆ కోట నేలిన పెమ్మసానివారిలో తిమ్మానాయుడను పేరు మరల మరల వచ్చును. కైఫీయతులు చదువునపుడు ఏ తిమ్మానాయుడో నిర్ణయించుకొననిదే పుట త్రిప్పరాదు. కోటను గోలకొండ సేనాని మీర్ జుమ్లాకు గోల్పోయినవాడు చిన తిమ్మానాయుడు. 1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియర్ వచ్చునప్పటికి కోట మీర్ జుమ్లా చేత నుండెను. అచ్చట ఫిరంగులు పోతపోయించుచుండుట ఆ వర్తకుడు చూచెను. "చిన" యను నొక్క యక్షరద్వయము లేకున్నచో, ఆ కోటను కాపాడిన పూర్వులును ఆ యోటమిలో కలిసిపోయెడివారు.

మన గ్రంథాలయ పట్టికలో తిమ్మన పేరు క్రింద నంది తిమ్మన ప్రక్కనే కూచిమంచి తిమ్మకవి కూర్చుండెను. వీరి నడుమ రెండు వందల యేండ్లున్నవి. ఈయన పదునెనిమిదవ శతాబ్దమున పిఠాపురపు సీమవాడు. అచ్చతెనుగు రామాయణము, నీలాసుందరీ పరిణయము వ్రాసి, సర్వలక్షణసార సంగ్రహమను లక్షణ గ్రంథమును గూర్చెను. పారిజాతాపహరణము కోరినవారికి పేరొకటే గదాయని ఈయన గ్రంథము నందీయకుండుటకు గ్రంథాలయమువారు ఇంటిపేరు చూచుట మేలు.

ఆడువారిలో ఇద్దరిని చెప్పవలెను. కదిరి ప్రాంతపు గూటిబయలులో 1434లో భర్తతో సహగమనము చేసిన తిమ్మమ్మ పేర నొక మర్రి వెలసినదని జనుల నమ్మకము. అయిదెకరములకు కొంచెము తక్కువగా నీడ పరచిన ఆ తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ గ్రంథమున కెక్కెను. సహగమనమును నేను మెచ్చలేను. మానును మెచ్చక తీరదు. రెండవ యామె కన్నడదేశపు తిమ్మక్క, రాళ్లు కొట్టి బ్రదికిన కూలి. సంతానము లేని ఆ దంపతులు హులికల్, కూడూరుల నడుమ బాటవెంట 385 మర్రిమొక్కలు నాటి, నీళ్లు మోసి పెంచిరి. ఆమెను సాలుమరద తిమ్మక్క యనిరి; సాలుమర మనగా చెట్లవరుస. 2019లో పద్మశ్రీ నందుకొని 2025 నవంబరులో నిర్యాణము చెందెను. ఒక తిమ్మమ్మ కొక్క మర్రి. ఒక తిమ్మక్కకు మూడు వందల యెనుబది యైదు.

కొడగుసీమ కూడ నొక తిమ్మయ్యను కన్నది. 1906లో మడికేరిలో పుట్టిన జనరల్ తిమ్మయ్య, కొరియా యుద్ధానంతరము 1953లో బందీల వ్యవహారము చూచిన తటస్థరాజ్య సంఘమునకు అధ్యక్షుడై, 1957 మొదలు 1961 వరకు భారత సేనాధిపతియై, 1965లో సైప్రసు ద్వీపమున ఐక్యరాజ్య సమితి సేనలకు నాయకుడుగా నుండగనే గతించెను. తోడి సైనికాధికారులు ఆయనను టిమ్మీ యని పిలిచెడివారు. తిరుమల తిమ్మయై, తిమ్మ టిమ్మీయై, సముద్రము దాటిపోయినది.

ఇంతమంది ధరించిన పేరు మనలో చులకనయైనది. తిమ్మడనగా కోతియని నిఘంటువులు గూడ చెప్పును. మోసమునకు తిమ్మిని బమ్మి చేయుట యని వాడుక. లెక్కలు వ్రాయువారిపై జనులు ప్రయోగించు మాటలలో అది ముఖ్యమైనది గనుక, దానిపై నాకు కొంచెము కినుక గలదనుట దాచను. బడిలో తోడిపిల్లలు వెక్కిరింతురని తల్లిదండ్రులు ఆ పేరు మానివేయుచున్నారు. వృద్ధాప్యపు పింఛను పట్టికలలో తిమ్మయ్యలు, తిమ్మక్కలు ఇంకను బారులు తీరియున్నారు. పిల్లల పట్టికలలో అరుదు. తాతపేరు విడువరాదను పట్టుదల గల యిండ్లు కొన్ని కలవు. వారు బడికొక కొత్తపేరు వ్రాయించి, ఇంట తాతపేరుతో పిలుతురు. అట్టి పిల్లవాడు నా పుస్తకమున కెక్కవలసి వచ్చినపుడు రెండు పేర్లును వ్రాసి, నడుమ ఉరఫ్ అని చేర్చుచున్నాను.