భూభ్రమణము: ఒక యక్షర వివాదము

దస్తావేజులో ఒక్క యక్షరము మారినచో పొలము చేతులు మారును. ఆర్యభటీయములో ఒక్క యక్షరము మారినందున భూమియే నిలిచిపోయినది.

కలియుగమున 3600 ఏండ్లు గడచునప్పటికి తనకు 23 ఏండ్లని ఆర్యభటుడు చెప్పుకొనెను. అది క్రీ. శ. 499. నక్షత్రములు స్థిరములనియు, భూమియే తూర్పునకు తిరుగుచున్నదనియు ఆతని మతము. పడవలో పోవువానికి గట్టుమీదివి వెనుకకు నడచునట్లు తోచును గదా! నక్షత్రముల పడమటి నడకయు నట్టిదేయనెను. ఒక ప్రాణకాలమున, అనగా ఇంచుమించు నాలుగు సెకనులలో, భూమి ఒక కల తిరుగునని గీతికాపాదమున వ్రాసెను. వృత్తమునకు కలలు 21,600; దినమునకు ప్రాణములును 21,600.

పెద్దలు సమ్మతింపలేదు. భూమి తిరిగినచో గూడు విడిచిన డేగ మరల గూటికెట్లు చేరునని వరాహమిహిరుడడిగెను. ఎత్తైనవి యేల కూలవని 628లో బ్రహ్మగుప్తుడడిగెను. ఇవి తేలిక ప్రశ్నలు కావు. కదలుచున్న నేలమీది వస్తువులు ఆ కదలికను పంచుకొనునని వివరించుటకు గెలీలియో రావలసి వచ్చెను.

పిదప జరిగినది విచారకరము. ఆర్యభటుని వ్యాఖ్యాతలే, గురువును నిందనుండి కాపాడ దలచిరి కాబోలు, 'భూః' అన్నచోట 'భం' అను పాఠమును గ్రహించిరి. భూమికి మారుగా నక్షత్రమండలము తిరుగనారంభించెను. ఛందస్సు చెడలేదు, అర్థము మాత్రము తలక్రిందులైనది.

అసలు పాఠమును కాపాడినవాడు ప్రతిపక్షియే! ఖండించుటకై బ్రహ్మగుప్తుడు దానిని 'భూః' అనియే తన గ్రంథమున ఎత్తి చూపెను. తొమ్మిదవ శతాబ్దిలో ఆ గ్రంథమునకు వ్యాఖ్య వ్రాసిన పృథూదకస్వామి, తన మూలకర్తను కాదని, ఆర్యభటుని పక్షమే మేలనెను. ఎంతటి నిష్పక్షపాతము!

అంకెలును సాక్ష్యము పలుకుచున్నవి. 43,20,000 ఏండ్ల మహాయుగమున భూమి తిరుగుళ్లు 1,58,22,37,500 అని ఆర్యభటీయము. ఆ యుగమున సావనదినములు 1,57,79,17,500. భాగించి చూచినచో ఒక తిరుగుడునకు 23 గంటల 56 నిమిషముల 4.1 సెకనులు వచ్చును. నేటి కొలతయు అంతియే.

1851లో ఫూకో పండితుడు పారిస్ నగరమున పొడవైన లోలకమును వ్రేలాడదీసి భూభ్రమణమును కన్నులకు చూపెను. 1975 ఏప్రిల్ 19న ఆర్యభటుని పేర భారతదేశపు మొదటి ఉపగ్రహము సోవియట్ దేశమునుండి ఎగసెను. నేడు పులికాటు సరస్సు చెంత శ్రీహరికోటనుండి తూర్పునకు పంపబడు రాకెట్టునకు, అది నేల విడువకమున్నే, సెకనుకు సుమారు 450 మీటర్ల వేగమును ఆ తిరుగుడే సమకూర్చుచున్నది.