అమ్మ చేతిలో మా చెప్పులు

మన విజయనగరం, శ్రీకాకుళం వైపు జాతర అనరు, తీర్థం అంటారు. పైడితల్లమ్మ పండగైతే సంబరం. దసరా వెళ్లిన మంగళవారం సిరిమానోత్సవం. పొడవాటి చింతమాను చివర కూర్చున్న పూజారి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంటే జనం తలలెత్తి దణ్ణం పెట్టుకుంటారు. ఆ చుట్టూ అంగళ్లు, మురీ మిక్చర్ బళ్లు, జీళ్లు, గాజులు, రంగుల రాట్నం. పిల్లలు రాట్నం ఎక్కుతారు, అమ్మ కింద నిలబడుతుంది. భుజానికి సంచి, చేతిలో అందరి చెప్పులు, పైనుంచి జారిపోతాయని. మీ ఇంట్లోనూ అంతే కదూ? మా అమ్మ రాట్నం ఎక్కగా నేనెప్పుడూ చూడలేదు. అడిగితే “నాకెందుకే, తల తిరుగుద్ది” అనేది. ఎక్కకుండానే తల తిరుగుతుందని ఎలా తెలిసిందో!

ఈ మాఘమాసానికి అమ్మానాన్నల పెళ్లై యాభై ఏళ్లు. వాళ్లని రామోజీ ఫిల్మ్ సిటీకి తీసుకెళ్లాలని నేనూ, హైదరాబాదులో ఉంటున్న మా చెల్లీ అనుకున్నాం. ఆ పని మీదే ఇలాంటి పార్కుల గురించి చదవడం మొదలుపెట్టాను. పిల్లల ఆటల చరిత్ర అనుకుని మొదలుపెడితే, సగానికి సగం అమ్మానాన్నల కథ అని తేలింది.

చేత్తో తిప్పే కర్ర రాట్నాలు చాలా పాతవి. పీటర్ ముండీ అనే ఇంగ్లీషు యాత్రికుడు 1620లోనే తుర్కుల రాజ్యంలో వాటిని చూసినట్టు రాసుకున్నాడు. ఇప్పుడు మనం జెయింట్ వీల్ అనే ఇనప చక్రం మాత్రం 1893లో, చికాగో నగరంలో జరిగిన పెద్ద ఎగ్జిబిషన్‌లో పుట్టింది. కట్టినవాడు జార్జ్ ఫెర్రిస్ అనే ఇంజనీరు. ఎత్తు 264 అడుగులు. 36 పెట్టెలు, ఒక్కో దాంట్లో 60 మంది. అంటే ఒక్కసారి నిండితే 2,160 మంది, ఒక చిన్న ఊరు ఊరంతా గాల్లో ఉన్నట్టే.

ఆ ఎగ్జిబిషన్ కట్టడాల మీద కూలికి పనిచేసిన వడ్రంగుల్లో ఇలియాస్ డిస్నీ ఒకడు. అవును, ఆ డిస్నీయే. అతని కొడుకు వాల్ట్ 1901లో అదే చికాగోలో పుట్టాడు.

వాల్ట్ పెద్దవాడై, పేరు సంపాదించి, ఇద్దరు ఆడపిల్లల తండ్రయ్యాక వాళ్లని లాస్ ఏంజిలిస్‌లోని గ్రిఫిత్ పార్కుకి తీసుకెళ్లేవాడు. పిల్లలు గుర్రాల రాట్నం ఎక్కితే తను బెంచీ మీద కూర్చుని చూసేవాడు. పెద్దవాళ్లు ఇలా కూర్చుని ఎదురుచూడ్డమేనా, పిల్లలతో కలిసి సరదా పడే చోటు ఒకటి ఉండకూడదా అని అక్కడే తోచిందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. డిస్నీలాండ్‌కి విత్తనం ఆ బెంచీ. ఇది చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను. బెంచీ మీద కూర్చున్న తండ్రికి బెంచీ విసుగు తెలిసింది సరే, చెప్పులు పట్టుకుని నిలబడ్డ తల్లికి బెంచీ కూడా లేదు కదా!

1955 జూలై 17న డిస్నీలాండ్ తెరిచారు. ఆ రోజు అంతా గందరగోళమే. దొంగ టికెట్లతో జనం విరగబడ్డారు, తాగునీటి కుళాయిలు చాల్లేదు, కొత్తగా వేసిన తారు ఎండకి మెత్తబడి ఆడవాళ్ల ఎత్తుమడమల చెప్పులు దిగబడిపోయాయి. అవన్నీ నాలుగు రోజుల్లో సర్దుకున్నాయి. నాకు పట్టింది ఇంకోటి. గేటు దాటగానే వచ్చే ‘మెయిన్ స్ట్రీట్’ వీధిని వాల్ట్ తను చిన్నప్పుడు పెరిగిన మార్సలీన్ అనే చిన్న ఊరిని తలుచుకుని కట్టించాడు. అమ్మానాన్నల చేయి పట్టుకుని తిరిగిన ఊరు అది. కానీ చూడ్డానికి ఆ ఇద్దరూ లేరు.

వాళ్ల కథ చెబితే మీకూ మనసు కలుక్కుమంటుంది. ఇలియాస్, ఫ్లోరాల పెళ్లి 1888 జనవరి 1న జరిగింది. 1938కి యాభై ఏళ్లు. ఆ సందర్భానికి వాల్ట్, అతని అన్న రాయ్ కలిసి అమ్మానాన్నలకి తమ దగ్గర్లోనే ఇల్లు కొనిచ్చారు. ఆ ఇంటిని వెచ్చబరిచే కొలిమి సరిగ్గా లేదు. బాగుచేయించినా దాని విషవాయువు ఇంట్లోకి వచ్చి, ఆ ఏడాది నవంబరు 26న ఫ్లోరా చనిపోయింది. ఇలియాస్ 1941లో వెళ్లిపోయాడు. ప్రపంచంలో అందరి అమ్మానాన్నల కోసమూ పార్కు కట్టినవాడు తన వాళ్లని ఒక్కసారి కూడా అందులో తిప్పలేకపోయాడు. మెయిన్ స్ట్రీట్‌లో ఒక కిటికీ అద్దం మీద తండ్రి పేరు మాత్రం రాయించాడు, ‘ఇలియాస్ డిస్నీ, కాంట్రాక్టర్’ అని. కింద 1895 అని ఏడాది కూడా.

చెల్లి “వచ్చే ఏడాది చూద్దాంలే అక్కా, పిల్లల పరీక్షలు” అంటుంటే ఈ కథే ఫోన్లో చెప్పాను. రెండు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత రైలు టికెట్ల గురించి అడిగింది.

మన దేశానికి ఈ పార్కులు ఆలస్యంగా వచ్చాయి. 1984లో ఢిల్లీలో అప్పూ ఘర్, 1989లో ముంబైలో ఎస్సెల్ వరల్డ్. మన తెలుగువాళ్లకి 1996లో రామోజీరావుగారు కట్టించిన ఫిల్మ్ సిటీ. గిన్నిస్ పుస్తకం లెక్కలో 1,666 ఎకరాలు, ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో. నాన్నగారికి అదే సరైన చోటని నా నమ్మకం. ఆయన జనపనార మిల్లులో పనిచేసినన్నాళ్లూ షిఫ్టు దిగితే సినిమాయే. ‘మాయాబజార్’ గురించి అడగండి, అన్నం కూడా మర్చిపోతారు. ఘంటసాల మా విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నారు, సుశీల ఈ ఊళ్లోనే పుట్టారు, ఆ సినిమాలో ఇద్దరూ పాడారు, కాబట్టి అది మా ఊరి సినిమాయేనని ఆయన వాదన! ఆ సినిమా తీసిన మద్రాసు విజయా వాహినీ స్టూడియో స్థలంలో ఇప్పుడు షాపింగ్ మాల్ ఉంది. అది చూడాలన్న ఆయన కోరిక ఇక తీరదు. ఫిల్మ్ సిటీ అయినా చూపించాలి.

ఇక అసలు రహస్యం. పెద్దవాళ్లకి ఏమీ చెప్పకుండా హఠాత్తుగా తీసుకెళ్లడం నాకు నచ్చదు. బీపీ మాత్రలు, మోకాళ్ల నొప్పులు, బాత్రూమ్ ఎంత దూరం అనే బెంగ, వీటితో ఆటలాడకూడదు. ఎక్కడికో, ఎప్పుడో ముందే చెప్పేశాం. రాత్రంతా రైల్లో పడుకుని వెళ్లడం, ఒక రోజంతా చెల్లి ఇంట్లో విశ్రాంతి, మర్నాడు పార్కు. సెట్లన్నీ బస్సులోనే తిప్పుతారు కాబట్టి నడక తక్కువ. చక్రాల కుర్చీ సంగతి చెల్లి ఫోన్ చేసి కనుక్కుంటుంది. దాచింది ఒక్కటే.

పెళ్లైన కొత్తలో తీర్థంలో వాళ్లు తీయించుకున్న ఫోటో ఒకటుంది. డేరా స్టూడియో, వెనక తెర మీద రైలింజను బొమ్మ. అమ్మ స్టూలు మీద, నాన్నగారు పక్కన నిలబడి, పొందూరు ఖద్దరు చొక్కాలో. తెర ముందు ఊపిరి బిగబట్టి నిలబడ్డం! ఫిల్మ్ సిటీ అంటే అలాంటి తెరకే ప్రాణం పోసి 1,666 ఎకరాల్లో పరిచినట్టు కదా. అక్కడ సినిమాల కోసం కట్టిన రైల్వే స్టేషన్ సెట్ ఉంది, ఏ సినిమాకి ఆ ఊరి పేరు బోర్డు పెడతారు. దాని దగ్గర ఇద్దరినీ అదే భంగిమలో నిలబెట్టి ఫోటో తీస్తాం. పాతదాన్ని బాగుచేయించి, రెండూ పక్కపక్కన ఫ్రేము కట్టిస్తాం. ఎక్కే దిగే చోటల్లా చెప్పులూ సంచీ పట్టుకునే డ్యూటీ మనవలది. మా వాడు “నేను తాతయ్యవి, చెల్లి అమ్మమ్మవి” అని పంపకాలు కూడా చేసేశాడు.

అమ్మ ఫోన్లో నా రాతలు చదవదు, ఆ ధైర్యంతోనే ఇదంతా బయటపెట్టాను. పొందూరు గుడ్డ తెచ్చి దర్జీకిచ్చాను. కొలతకని మొన్న పుట్టింటికెళ్లినప్పుడు నాన్నగారి చొక్కా ఒకటి సంచిలో వేసుకొచ్చాను. నిన్న అమ్మ ఫోన్ చేసి, “తీగ మీద ఆరేసిన మీ నాన్న చొక్కా కనపడట్లేదే, కోతులు గానీ ఎత్తుకుపోయాయా ఏటి” అంది.